చరిత్ర డిగ్రీకి తక్కువ ఖర్చులో మంచి కాలేజీ: ఏది చూడాలి, దేన్ని వదిలేయవచ్చు

చరిత్రలో డిగ్రీ చేయాలనుకునేవాళ్లకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఈ సబ్జెక్టు నేర్పడానికి ఖరీదైన ల్యాబులు, యంత్రాలు అక్కర్లేదు. విషయం బాగా తెలిసిన అధ్యాపకులు, పనికొచ్చే లైబ్రరీ, విద్యార్థి రాసినదాన్ని ఓపిగ్గా చదివి దిద్దేవాళ్లు ఉంటే చాలు. అందుకే ఫీజు ఎక్కువ ఉన్నచోట చదువు కూడా అంత బాగుంటుందన్న లెక్క ఇక్కడ తరచూ తప్పుతుంది. కొత్త భవనాలు, క్రీడా మైదానాలు, ప్రకటనల ఖర్చు కూడా ఆ ఫీజులోనే కలిసి ఉంటాయి. వాటివల్ల పాత దస్తావేజు చదవడం రాదు.

అలాగని చౌకగా దొరికే ప్రతి సీటూ మంచిదని చెప్పలేం. మూడేళ్లపాటు తేదీలు బట్టీపట్టించి, ముందే తెలిసిన పది ప్రశ్నలకు జవాబులు రాయించి, పట్టా చేతిలో పెట్టే కాలేజీలు ఏ దేశంలో అయినా ఉంటాయి. కాబట్టి ఫీజుల పట్టిక తెరవకముందే ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ నేను రాసేది ఎవరు చదువుతారు? నా దృష్టిలో చరిత్ర కాలేజీని తూచడానికి ఇంతకు మించిన ప్రశ్న లేదు.

రాసినదాన్ని చదివేవాళ్లు

19వ శతాబ్దంలో జర్మన్ యూనివర్సిటీల్లో, ముఖ్యంగా బెర్లిన్‌లో లియోపోల్డ్ ఫాన్ రాంకె అనే చరిత్రకారుడి దగ్గర, చరిత్ర నేర్పే ఒక పద్ధతి స్థిరపడింది. కొద్దిమంది విద్యార్థులు మూల పత్రాలను ముందు పెట్టుకుని కూర్చునేవారు. దీన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు, ఎంతవరకు నమ్మవచ్చు అని తరచి చూసేవారు. అదే సెమినార్. 1876లో అమెరికాలో మొదలైన జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ కూడా చరిత్రను ఆ దారిలోనే నేర్పింది. ఇన్నేళ్లు గడిచినా, ఒక కాలేజీలో చరిత్ర నిజంగా నేర్పుతున్నారా లేదా అన్నది ఇప్పటికీ అలాంటి చిన్న గదిలోనే తేలుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండో ఏడాది విద్యార్థి తన వ్యాసంలో "కరువు వచ్చింది కాబట్టి రైతులు తిరగబడ్డారు" అని రాశాడనుకోండి. పట్టించుకునే అధ్యాపకురాలు ఆ వాక్యం పక్కన ఇలా రాస్తారు: "పక్క ప్రాంతంలోనూ కరువే కదా, అక్కడ ఎందుకు తిరగబడలేదు? ఈ మాట ఎవరిది? పన్ను వసూలు చేసిన అధికారి రిపోర్టులోదా, రైతులు పెట్టుకున్న అర్జీలోదా?" దాంతో ఆ విద్యార్థి మళ్లీ లైబ్రరీకి వెళ్లాలి, రెండు ప్రాంతాల పన్ను లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి, వాక్యం మార్చి రాయాలి. చరిత్ర అబ్బేది ఆ తిరగరాతలోనే. అదే వ్యాసం మీద 14/20 అన్న అంకె ఒక్కటే పడి తిరిగొస్తే, వాడు మూడో ఏడాదిలోనూ అలాగే రాస్తాడు.

ఇది ప్రాస్పెక్టస్‌లో కనపడదు. ఫైనలియర్ విద్యార్థి ఒకరిని పట్టుకుని, దిద్దిన అసైన్‌మెంట్ ఒకటి చూపించమని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. మార్జిన్‌లో ఏముందో చూస్తే ఆ డిపార్ట్‌మెంట్ గురించి సగం తెలిసిపోతుంది. ఏడాదికి ఎన్ని వ్యాసాలు రాయిస్తారు, ఎన్నాళ్లకు తిరిగిస్తారు, తిరగరాసే అవకాశం ఇస్తారా అన్నవి కూడా అడగండి.

ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న లెక్కను కాలేజీలు గొప్పగా ప్రచురిస్తాయి. అది సాధారణంగా కాలేజీ మొత్తానికి తీసిన సగటు. మీకు కావలసింది రెండో ఏడాది చరిత్ర క్లాసులో ఎంతమంది కూర్చుంటారన్నది. మొదటి ఏడాది పెద్ద హాల్లో రెండువందల మందితో పాఠం వినడంలో తప్పేమీ లేదు. మూడో ఏడాదికి వచ్చినా అదే హాల్ అయితే ఆలోచించాలి.

ఇంకో సంగతి. చాలా చోట్ల పాఠాలు ఎక్కువగా పార్ట్‌టైమ్ అధ్యాపకులే చెబుతున్నారు. వాళ్లలో చాలా గొప్పగా చెప్పేవాళ్లున్నారు, వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కాంట్రాక్టు అయిపోగానే వాళ్లు వెళ్లిపోతారు. మీ చివరి ఏడాది పరిశోధన వ్యాసానికి గైడ్‌గా ఉండాల్సినప్పుడు, ఎమ్మేకి సిఫారసు లేఖ కావలసినప్పుడు, మిమ్మల్ని మొదటినుంచీ ఎరిగినవాళ్లు ఎవరూ మిగలకపోవచ్చు. పర్మినెంట్ అధ్యాపకులు కనీసం నలుగురైదుగురు, అదీ వేరువేరు కాలాల మీద, ప్రాంతాల మీద పనిచేసేవాళ్లు ఉన్న డిపార్ట్‌మెంట్ అయితే నిశ్చింతగా ఉండవచ్చు.

సిలబస్‌ను ఎలా చదవాలి

కాలేజీ వెబ్‌సైట్లో నలభై పేపర్లు కనపడతాయి. వాటిలో గత రెండేళ్లలో నిజంగా నడిచినవి ఎన్నో అడగండి. జాబితాలో మధ్యయుగ ఆఫ్రికా, ఓటమన్ సామ్రాజ్యం, వైద్య చరిత్ర అన్నీ ఉంటాయి. చెప్పే మాస్టారు రిటైరై ఐదేళ్లయినా ఆ పేరు అక్కడే ఉండిపోతుంది. ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్ దొరికితే అదే నిజమైన సిలబస్ అనుకోండి.

తర్వాత ఏదో ఒక పేపర్‌ని తీసుకుని, చదవాల్సిన పుస్తకాల జాబితా చూడండి. మొత్తం పేపర్‌కి ఒకే ఒక పాఠ్యపుస్తకం ఉంటే అది బలహీనమైన కోర్సు. పాఠ్యపుస్తకంతోపాటు ఆ కాలం నాటి ఉత్తరాలు, శాసనాలు, కోర్టు రికార్డులు, యాత్రికుల రాతలు ఉన్నాయా? ఒకే విషయం మీద ఇద్దరు చరిత్రకారులు విభేదించిన వ్యాసాలు పక్కపక్కన పెట్టారా? గత పది పదిహేనేళ్లలో వచ్చిన పరిశోధన ఒక్కటైనా ఉందా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే, కాలేజీ పేరు ఎవరికీ తెలియకపోయినా అక్కడ చదువు సాగుతోందన్నమాట.

2012లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ ట్యూనింగ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. చరిత్ర డిగ్రీ పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం రావాలన్న దానిమీద వివిధ కాలేజీల అధ్యాపకులను కూర్చోబెట్టింది. ఆధారాలను వెతకడం, వాటిని బేరీజు వేయడం, వాదనను నిర్మించడం వంటి నైపుణ్యాల చుట్టూనే ఆ కసరత్తు నడిచింది. మీరు చూస్తున్న కోర్సులో ఇవి ఎక్కడ నేర్పుతారో వేలుపెట్టి చూపించగలగాలి. సాధారణంగా అవి రెండు చోట్ల ఉంటాయి: చరిత్ర రచనా పద్ధతుల పేపర్, చివరి ఏడాది పరిశోధన వ్యాసం. ఈ రెండూ తప్పనిసరిగా ఉన్న కోర్సుకే నా ఓటు. పరిశోధన వ్యాసం లేని చరిత్ర డిగ్రీ అయితే, ఫీజు ఎంత తక్కువైనా, మరో దారి లేనప్పుడే తీసుకోండి.

పురాతన, మధ్యయుగ చరిత్ర మీద మనసున్నవాళ్లు భాషల సంగతి ముందే చూసుకోవాలి. లాటిన్, పర్షియన్, సంస్కృతం, అరబిక్, ప్రాచీన చైనీస్, వీటిలో మీకు కావలసింది నేర్పే డిపార్ట్‌మెంట్ అదే క్యాంపస్‌లో ఉంటే దాని విలువ చాలా ఎక్కువ. ఆ భాష తర్వాత విడిగా నేర్చుకోవాలంటే డబ్బూ కావాలి, ఏళ్లూ కావాలి.

ఎన్ని దారులున్నాయి

దగ్గర్లోని ప్రభుత్వ యూనివర్సిటీ. పేరు వినివిని ఉండటం వల్లనో ఏమో, చాలామంది దీన్ని చివర చూస్తారు. నేనైతే ముందు చూడమంటాను. ఫీజు తక్కువ, ఇంటినుంచి వెళ్లిరావచ్చు, పాత లైబ్రరీ ఉంటుంది, అధ్యాపకులు సొంతంగా పరిశోధన చేస్తుంటారు. క్లాసులు పెద్దవిగా ఉండటం, ఆఫీసు పనులు నెమ్మదిగా జరగడం ఇక్కడి ఇబ్బందులు. చొరవగా వెళ్లి ప్రొఫెసర్ గది తలుపు తట్టగలిగేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. ఎవరో ఒకరు పిలిచి అడిగితే తప్ప నోరు విప్పని విద్యార్థి ఇక్కడ గుంపులో కలిసిపోయే ప్రమాదం ఉంది.

చిన్న కాలేజీ. బోధన మీదే నడిచే చిన్న కాలేజీల్లో పదిహేనుమంది క్లాసు మామూలే. చెప్పిన ఫీజు గుండె గుభేల్మనిపించినా, వాటిలో కొన్ని పెద్ద మొత్తంలో సహాయం చేస్తాయి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. విద్యార్థులందరూ క్యాంపస్‌లో వారానికి కనీసం 10 గంటలు పనిచేయాలి. ఆర్థికంగా వెనకబడిన కుటుంబాల పిల్లలకే అక్కడ ప్రాధాన్యం. ఇలాంటివి అరుదే, కానీ మీ అర్హతలకు సరిపోతే అప్లికేషన్ పెట్టకపోవడం పొరపాటు. చిన్న కాలేజీలో బలహీనత ఏమిటంటే చరిత్ర డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురే ఉండవచ్చు. ఆ ముగ్గురిలో మీకు ఇష్టమైన కాలం మీద పనిచేసేవాళ్లు లేకపోతే చిన్న క్లాసు వల్ల కలిగే లాభం తగ్గిపోతుంది.

ముందు చవకైన చోట, తర్వాత పెద్ద యూనివర్సిటీలో. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక కాలేజీ) వంటి చోట చదివి, మిగతా రెండేళ్లకు యూనివర్సిటీకి మారే దారి అమెరికాలో బాగా వాడుకలో ఉంది. కాగితం మీద ఖర్చు బాగా తగ్గుతుంది. చిక్కు అంతా క్రెడిట్ల బదిలీలోనే, అంటే పాత కాలేజీలో పాసైన పేపర్లను కొత్త యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోవడంలోనే. రెండు సంస్థల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉందా, చరిత్ర పేపర్లు చరిత్ర పేపర్లుగానే లెక్కలోకి వస్తాయా, లేక ఊరికే ఐచ్ఛికాల కింద వేస్తారా అన్నది చేరకముందే రాతలో తీసుకోండి. "ఏం ఫర్వాలేదు, అన్నీ వస్తాయి" అన్న నోటిమాట రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. సగం క్రెడిట్లు పోయి ఇంకో ఏడాది చదవాల్సొస్తే మిగిలించిందంతా అక్కడే ఖర్చవుతుంది.

దూరవిద్య. దీన్ని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది. లండన్ యూనివర్సిటీ 1858 నుంచే బయటి విద్యార్థులకు తన డిగ్రీ పరీక్షలు రాసే అవకాశం ఇచ్చింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో రాయల్ చార్టర్ (డిగ్రీలిచ్చే అధికారపత్రం) వచ్చింది, ఇండియాలో ఇగ్నో 1985లో మొదలైంది. ఉద్యోగం చేస్తూనో, చిన్నపిల్లల్ని చూసుకుంటూనో చదవాలంటే ఇదే సరైన దారి. నాణ్యత తెలుసుకోవడానికి నేను ముందు చెప్పిన ప్రశ్నే ఇక్కడ ఇంకా గట్టిగా అడగాలి. ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్లు, అంటే ట్యూటర్ దిద్ది మార్కులేసే వ్యాసాలు, కోర్సుకు ఎన్ని? వాటిమీద వ్యాఖ్యలు రాసి పంపుతారా? ట్యూటర్‌తో ఆన్‌లైన్‌లోనో ఎదురుగానో మాట్లాడే క్లాసులు ఉన్నాయా? కోర్సు పుస్తకాలు ఎంత బాగున్నా, జవాబు రాసేవాళ్లు లేకపోతే చదివేది ఒంటరిగానే చదవాలి. క్రమశిక్షణ లేకపోతే మధ్యలో ఆగిపోవడం కూడా ఇక్కడే ఎక్కువ.

ఫీజు లేని దేశాలు. జర్మనీలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు మొదటి డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు, ప్రతి సెమిస్టర్‌కూ చిన్న చందా కడితే సరిపోతుంది. అయితే బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. నార్వే కూడా చాలాకాలం విదేశీయులకు ఉచితంగా చదువు చెప్పి, 2023లో యూరప్ బయటివాళ్లకు ఫీజు పెట్టింది. ఈ నియమాలు మారుతూనే ఉంటాయి, మీరు చేరే ఏడాదికి ఏది అమల్లో ఉందో యూనివర్సిటీ పేజీలోనే చూడండి. పైగా జర్మనీలో చరిత్ర బీఏ చాలావరకు జర్మన్ భాషలోనే ఉంటుంది, చాలా చోట్ల లాటిన్ లేదా మరో విదేశీ భాష కూడా కావాలి. చరిత్ర అంటే భాషతో చేసే పని. రెండో తరగతి పిల్లల స్థాయి భాషతో సెమినార్‌లో వాదించలేం. జర్మన్ ఇప్పటికే బాగా వచ్చినవాళ్లకు మాత్రం ఇంతకన్నా చౌకగా ఇంత మంచి చదువు దొరకడం కష్టం.

పేరున్న ఖరీదైన యూనివర్సిటీ. స్కాలర్‌షిప్ వస్తే తీసుకోవచ్చు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి కొన్ని చోట్ల కుటుంబ ఆదాయం తక్కువైతే ఖర్చు దాదాపు మొత్తం వాళ్లే భరిస్తారు, విదేశీ విద్యార్థులకు కూడా. సీటు రావడమే కష్టం. సహాయం లేకుండా, పేరు కోసం పూర్తి ఫీజుకు అప్పు చేసి చరిత్ర బీఏ చదవమని నేను ఎవరికీ చెప్పను. చరిత్ర చదివినవాళ్లు టీచింగ్, ప్రభుత్వోద్యోగాలు, జర్నలిజం, మ్యూజియంలు, లా వైపు వెళ్తారు. వాటిలో చాలావాటిలో మొదట్లో జీతాలు పెద్దగా ఉండవు. నెలనెలా పెద్ద వాయిదా కట్టాల్సి వస్తే ఇష్టమైన పని వదిలి, దొరికిన పని చేయాల్సి వస్తుంది.

నిజంగా ఎంత ఖర్చవుతుంది

ప్రకటించిన ఫీజు పక్కన పెట్టి, మీ జేబులోంచి పోయేది లెక్కవేయండి. ఫీజు, హాస్టల్, తిండి, ప్రయాణం, పుస్తకాలు అన్నీ కలిపి, అందులోంచి తిరిగి కట్టక్కర్లేని సహాయాన్ని తీసేయాలి. అప్పును సహాయం కింద రాసి చూపించే ఆఫర్ లెటర్లు ఉంటాయి, జాగ్రత్త. అమెరికాలో ప్రభుత్వ విద్యార్థి సహాయం అందుకునే కాలేజీలు ఇలాంటి లెక్క చేసుకునే కాలిక్యులేటర్‌ను తమ వెబ్‌సైట్లో పెట్టాలని 2008 చట్టం చెబుతోంది. మిగతా చోట్ల మీరే కాగితం మీద వేసుకోవాలి.

ఒక కాలేజీలో ఏడాదికి ఫీజు 100, హాస్టల్ ఖర్చు 40, స్కాలర్‌షిప్ 55 అనుకుందాం. మీకు పడేది 85. రెండోదాంట్లో ఫీజు 45, హాస్టల్ 35, స్కాలర్‌షిప్ లేదు. పడేది 80. మూడేళ్లకు 255, 240. పెద్ద తేడా లేదు కదా, మొదటిదే పేరున్నది, అందులో చేరదాం అనిపిస్తుంది. ఇప్పుడు ఆ స్కాలర్‌షిప్ ఏ షరతు మీద వచ్చిందో చదవండి. ఏటా ఫలానా మార్కులు దాటితేనే కొనసాగుతుందని ఉండి, మొదటి ఏడాది ఆ మార్కులు రాకపోతే, మిగతా రెండేళ్లూ 140 చొప్పున కట్టాలి. మొత్తం 365 అవుతుంది. గత ఏడాది ఈ స్కాలర్‌షిప్ ఎంతమందికి కొనసాగింది అని అడగడానికి మొహమాటపడకండి. రెండో కాలేజీలో అయితే ఇలాంటి టెన్షన్ లేదు.

చాలామంది చూడనిది ఇంకొకటుంది: ఎంతమంది సకాలంలో డిగ్రీ పూర్తి చేస్తున్నారు? కావలసిన పేపర్ ఆ ఏడాది నడపక, ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చే కాలేజీ ఎంత చవకైనా చవక కాదు. ఆ అదనపు ఏడాది ఫీజు కట్టాలి, పైగా ఏడాది జీతం పోతుంది.

లైబ్రరీ గురించి మాత్రం ఒకప్పుడున్నంత దిగులు అక్కర్లేదు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల ప్రచురిత నివేదికలు 1674 నుంచి 1913 వరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. దొంగతనం కేసులో పనిమనిషి చెప్పిన సాక్ష్యం, ఆమె జీతం, పోయిన గౌను విలువ అన్నీ అందులో దొరుకుతాయి. అట్లాంటిక్ బానిస వ్యాపార ఓడ ప్రయాణాల డేటాబేస్ కూడా అలాగే తెరిచి ఉంది. చిన్న ఊళ్లోని కాలేజీలో కూర్చుని కూడా వీటితో చక్కటి పరిశోధన వ్యాసం రాయవచ్చు. దొరకనివి ఇటీవలి పుస్తకాలు, జర్నల్ వ్యాసాలు. అందుకని రెండే అడగండి: జేస్టోర్ వంటి జర్నల్ సేకరణలకు కాలేజీ చందా కడుతోందా, తమ దగ్గర లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీనుంచి తెప్పించి ఇస్తారా? పెద్ద ఆర్కైవ్స్ (పాత రికార్డుల భాండాగారాలు) ఉన్న నగరంలో కాలేజీ ఉంటే అది అదనపు బలం. కానీ డిగ్రీ స్థాయిలో దానికోసం రెట్టింపు అద్దె కట్టనక్కర్లేదు.

ర్యాంకింగులకు నేను తక్కువ విలువే ఇస్తాను. సబ్జెక్టు వారీ ప్రపంచ ర్యాంకింగుల్లో పెద్ద వాటా పరిశోధనకు, ఇతర ప్రొఫెసర్ల మధ్య ఉన్న పేరుకు పోతుంది. మొదటి ఏడాది వ్యాసాన్ని ఎవరు దిద్దుతారో అందులో ఉండదు. గుర్తింపు మాత్రం తప్పనిసరి. మీ దేశపు విద్యా నియంత్రణ సంస్థ అధికారిక జాబితాలో ఆ సంస్థ పేరు ఉందో లేదో స్వయంగా చూడండి, కాలేజీ తనమీద తాను రాసుకున్న మాట సరిపోదు.

డిపార్ట్‌మెంట్ నిలబడుతుందా అన్నదీ ఈమధ్య అడగాల్సి వస్తోంది. ఇంగ్లండ్‌లోని సండర్‌ల్యాండ్ యూనివర్సిటీ 2020లో చరిత్ర, రాజనీతి శాస్త్రం, విదేశీ భాషల కోర్సులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి నిర్ణయాలు మరికొన్ని చోట్లా వచ్చాయి. గత మూడేళ్లలో కొత్త అధ్యాపకులను తీసుకున్నారా, చేరేవాళ్లు తగ్గుతున్నారా, కోర్సు ఆపేస్తే ఇప్పటికే చేరినవాళ్లను చివరిదాకా చదివిస్తారా? ఈ మూడూ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి మర్యాదగా ఈమెయిల్ రాసి అడగవచ్చు. జవాబు ఎలా వస్తుందన్నది కూడా గమనించండి. విద్యార్థి ఉత్తరానికి వారంలో వివరంగా బదులిచ్చే డిపార్ట్‌మెంట్, వ్యాసాలకూ అలాగే బదులిచ్చే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ చూశాక కూడా రెండు కాలేజీలు సరిసమానంగా మిగిలితే, అప్పు తక్కువయ్యేదాంట్లో చేరండి. మిగిలిన డబ్బు ఎమ్మేకి దాచుకోండి. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు సంస్థ పేరు, గైడ్ పేరు ఎక్కువ పనికొచ్చేది అక్కడే. ఖరీదైన కాలేజీ మీదే మనసు పోతుంటే, రెండో కాలేజీ ఇచ్చిన ఆఫర్ కాపీ జతచేసి, కుటుంబ ఆదాయ వివరాలతో, సహాయం పెంచగలరేమో అని వాళ్ల ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాయండి. కొన్ని చోట్ల పెంచుతారు. అయితే ఆ ఉత్తరం సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టకముందే వెళ్లాలి, కట్టాక వాళ్లకు పెంచాల్సిన అవసరం ఉండదు.